చెయ్యి మేస్త్రి దించిన కప్పు

వీధి చివర రేకుల షెడ్డులో టింకరింగ్ చేసే ఆయనకి ఒక పేరుండేది గానీ, దాన్ని భార్య కూడా మర్చిపోయినట్టే ఉండేది. అందరికీ ఆయన చెయ్యి మేస్త్రి. గుద్దుకుని నలిగిన కారు తలుపుని ఏ మేస్త్రి అయినా ముందు కళ్లతో చూస్తాడు. ఈయన కళ్లు మూసుకుంటాడు. ఎడమ అరచేతి కింద పాత బనీను ముక్క వేసుకుని, నిద్రలో ఉన్న పసిపిల్ల వీపు నిమిరినట్టు రేకు పొడవునా మెల్లగా రాస్తాడు. వెంట్రుకవాసి ఎత్తున్నా, పల్లమున్నా ఆ చేతికి తెలిసిపోతుంది. ఆ తర్వాతే సుత్తి.

ఆ విద్య మేనమామ దగ్గర అబ్బింది. మేనమామకి మాటలు పొదుపు, మొట్టికాయలు ధారాళం. "కళ్లని నమ్మకురా, వెలుతురు ఎటు లాగితే అటు పోతాయి" అనేవాడు. మేనల్లుడు మొదట్లో ఏడుస్తూ నేర్చుకున్నాడు. తర్వాత ఇష్టంగా నేర్చుకున్నాడు. మేనమామ పోయేనాటికి, ఊళ్లో తలుపు నలిగినా, బానెట్ వంగినా, డ్రైవర్లు వేరే షెడ్డు ముందు బండి ఆపడం మానేశారు. పుట్టీ మెత్తి గుంటలు కప్పెయ్యడం ఆయనకి తెలియని పని. "పుట్టీ పెట్టడం అంటే పుండు మీద పౌడరు రాయడం" అని నవ్వేవాడు. ఎదురింట్లోనే ఇస్త్రీ దుకాణం నడిపే భార్య, "నీ రేకుల మీద ఉన్న శ్రద్ధలో పావు వంతు నీ చొక్కాల మీద పెట్టవయ్యా" అని దెప్పేది.

కిందటి చలికాలం నుంచి ఆ ఎడమ చెయ్యి మెల్లమెల్లగా మొద్దుబారుతోంది. ముందు చిటికెనవేలు. తర్వాత దాని పక్కది. గ్రైండరు అదురూ, సుత్తి దెబ్బకి వెనక పట్టుకునే ఇనుప దిమ్మ అదురూ ఇన్నేళ్లుగా ఆ చేతిలోనే దిగుతూ వచ్చాయి. వాన వెలిసినట్టు, ఎప్పుడు ఆగిందో తెలియకుండానే స్పర్శ ఆగిపోతూ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక తనని ఏమని పిలుస్తారు?

అలాంటప్పుడు బావ వచ్చాడు. భార్యకి అన్నయ్య. జీవితమంతా లారీ తోలి, ఈమధ్యే స్టీరింగు వదిలిన మనిషి. ఎక్కడో పాత గోడౌనులో దొరికిన కారుని తాడు కట్టి లాక్కొచ్చాడు. తాబేటి డిప్పలాంటి గుండ్రని కప్పు, పిల్ల ఏనుగు చెవుల్లాంటి మడ్‌గార్డులు.

"బావా, దీన్ని కాస్త కురచ చెయ్యాలి."

"కారునా, నిన్నా?"

"నన్ను మా ఆవిడ ఎప్పుడో కురచ చేసేసింది. నువ్వు కారు సంగతి చూడు." బావ కారు చుట్టూ తిరుగుతూ గాలిలో చేతులతో బొమ్మ గీశాడు. మడ్‌గార్డులు ఉండకూడదు. ముందు మూత ఉండకూడదు, ఇంజను బయటికి కనపడాలి. కప్పు బాగా కిందికి దిగాలి, లోపల కూర్చున్నవాడి కళ్లు మాత్రమే కనపడేలా. "హాట్ రాడ్ అంటారులే. ఇన్నాళ్లూ కంపెనీ వాళ్ల లారీ తోలాను. ఒక్కటైనా నా సొంత పిచ్చితో తోలాలని ఉంది. కానీ జాగ్రత్త బావా, ఈ కప్పు పాడైతే ఇలాంటిది మళ్లీ దొరకదు."

"నా చేతిలో పడ్డాక పాడవడమేంటి?" అన్నాడు మేస్త్రి. అన్నాక, ఎడమ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

కప్పు దించడమంటే, దాన్ని మోసే స్తంభాల్లో నాలుగు వేళ్ల ముక్క కోసి, పైదాన్ని కింద కూర్చోబెట్టడమే అనుకుంటారు చూసేవాళ్లు. అక్కడే అసలు తిరకాసు. స్తంభాలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. కోసి దించితే కప్పు చిన్నదైపోయి, కింది స్తంభాలకి అందదు. అందుకని కప్పునే అడ్డంగా రెండు ముక్కలు చేసి, దూరం జరిపి, మధ్యలో కొత్త రేకు పట్టీ అతకాలి. ఆ అతుకు ఒక్క గీతలా లాగితే రేకు వేడికి మెలితిరిగిపోతుంది. ఇక్కడొక వెల్డింగ్ చుక్క, జానెడు అవతల ఇంకో చుక్క. పెట్టిన ప్రతి చుక్క మీదా అరచెయ్యి ఆనించాలి. చెయ్యి హాయిగా నిలిస్తేనే తర్వాతి చుక్క. నిలవకపోతే బీడీ ఒకటి ముట్టించుకుని ఆగాలి. మేనమామ నేర్పిన పద్ధతి అది. మేస్త్రి ఎన్నడూ దాటలేదు, ఈసారి కూడా.

చుక్క పెట్టాడు. చెయ్యి ఆనించాడు. నిలిచింది. ఇంకో చుక్క. నిలిచింది. బీడీ అవసరమే పడలేదు. "పాత రేకు పాత రేకే, ఎంత తొందరగా చల్లారుతోందో" అని లోలోపల మెచ్చుకున్నాడు. పని పాటలా సాగింది. నీలం వెలుగు మెరిసి ఆరడం, పొగ సన్నగా లేచి షెడ్డు కప్పు కింద నిలబడడం, చెయ్యి ఆనడం.

భార్య మధ్యాహ్నం క్యారియరు పట్టుకొచ్చింది. గుమ్మంలోనే ఆగింది.

"ఏంటీ వాసన?"

"వెల్డింగ్ దగ్గర మల్లెపూల వాసనొస్తుందా మరి?"

"ఇది ఇనుం వాసన కాదు." క్యారియరు కింద పెట్టి వచ్చి ఆయన ఎడమ చెయ్యి లాక్కుని తిప్పింది. ఇస్త్రీ పెట్టెతో బతికే మనిషి, ఆమెకి ఆ తోలు చూస్తే చాలు. అరచేతి నిండా బొబ్బలు. కొన్ని అప్పటికే చిట్లాయి.

"ఇదెప్పుడు కాలింది?"

"ఏది?" అన్నాడాయన.

ఆయన తన చేతిని తాను, దారిలో దొరికిన ఎవరి వస్తువునో చూసినట్టు చూశాడు. తర్వాత కప్పు వైపు తిరిగి, బొటనవేలితో మధ్యలో నొక్కాడు.

టప్.

లోపలికి పోయింది. వదిలాడు. టప్. బయటికొచ్చింది. వేడి మీద వేడి పడి రేకు సాగిపోయింది.

డాక్టరు చేతిని అటూ ఇటూ సూదితో గుచ్చి, నరం చచ్చిందన్నాడు. మిగిలిన చేతినైనా కాపాడుకోవాలంటే గ్రైండరూ సుత్తీ మానెయ్యమన్నాడు. మేస్త్రి తలూపి, కట్టు కట్టించుకుని, నేరుగా షెడ్డుకే వచ్చాడు. సాగిన రేకుకి మందుంది. ఎక్కువైన చోట చిన్న బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, తడిగుడ్డ అద్దితే ముడుచుకుంటుంది. కానీ ఎక్కువైన చోటు ఎక్కడో చెప్పాల్సింది ఆ చెయ్యే. కట్టు విప్పి కళ్లు మూసుకుని రాశాడు. చీకట్లో చీకటి. కుడి చేత్తో రాశాడు. అది జన్మంతా సుత్తి పట్టిందే గానీ ఏనాడూ చదువుకోలేదు. చివరికి కళ్లు తెరిచి, వెలుతురు చూపించిన చోటల్లా కాల్చాడు. ఒకచోట నొక్కితే టప్‌మనే కప్పు ఇప్పుడు మూడుచోట్ల అనడం మొదలుపెట్టింది.

బావ వచ్చాడు. కింద కూర్చున్న కప్పుని చూసి ఈల వేశాడు. తర్వాత దాని మీద చెయ్యేశాడు.

"ఇదేంటి బావా, డబ్బా మూతలా పలుకుతోంది?"

భార్య ఏదో అనబోయింది. "నేనే చెప్తాను" అని మేస్త్రి ఎడమ చెయ్యి చాపాడు. మిగతాది ఆమే చెప్పింది. నోరు మూతపడని బావ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి మేస్త్రి పక్కన పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఇంకో మేస్త్రిని పిలిపించు బావా" అన్నాడు మేస్త్రి. "చెయ్యి తెలిసినవాడైతే ఇంకా కుదురుతుంది."

"ఎవడొస్తాడు? వచ్చినా నీ పని మీద ఇంకొకడిని చెయ్యెయ్యనిస్తానా? ఒక పని చెయ్యి. ఆ నడినెత్తి రేకు మొత్తం కోసెయ్. ఇలాంటి పాత బళ్లలో చాలావాటికి అక్కడ గుడ్డే ఉండేది. మనమూ గుడ్డే వేయిద్దాం. గాలి తగుల్తుంది. అదీ నీ చేత్తోనే కొయ్యాలి, తెలిసిందా?"

బావ అది ప్రేమతోనే అన్నాడు. అందుకే కాదనడానికి మేస్త్రికి దారి దొరకలేదు.

సుద్దతో గీత గీశాడు. గ్రైండరు పట్టాడు. కోతకి చేతి తెలివితో పనిలేదు, గీత వెంట పోతే చాలు. నిప్పురవ్వలు చొక్కా మీద రాలి ఆరిపోయాయి. పట్టీ, అతుకు, చుక్కలు, కాల్చిన మచ్చలు అన్నీ కలిసి ఒకే పలకగా ఊడి, సీటు మీద పడ్డాయి. బావ దాన్ని బయటికి లాగి, లోపల దూరి కూర్చుని, "బావా, షెడ్డు బయటికి తీస్తే మబ్బులు కూడా కనపడతాయి!" అని అవసరానికి మించి గట్టిగా నవ్వాడు. ఎవరూ నవ్వకపోతే కాసేపటికి ఇంజను చూసుకునే నెపంతో ముందుకి పోయాడు.

కోసిన అంచు మిగిలింది. గరుకులు తియ్యకపోతే గుడ్డ చిరుగుతుంది, చేతులు తెగుతాయి. మేస్త్రి ఆకురాయి తీసుకుని రాయసాగాడు. రాసి, అలవాటుగా ఎడమ వేలు పెట్టాడు. వేలు ఏమీ చెప్పలేదు. తీసి చూస్తే రక్తం.

భార్య వచ్చి ఆ చేతిని పక్కకి నెట్టి, తన వేలు పెట్టింది.

"ఇక్కడుంది." రాశాడు. "ఇంకొంచెం." రాశాడు. ఆమె వేలు అంచు వెంట నెమ్మదిగా నడిచింది, ఆకురాయి దాని వెనకే నడిచింది. మూల తిరిగాక ఆమె ఆగి, ఆయన ముఖంలోకి చూసింది. భుజాలు ఎగసిపడుతున్నాయి. చెమట గడ్డం మీదుగా కారుతోంది.

"చాలు" అంది. "నున్నగా ఉంది."

నిజంగా ఉందో, తన మీద జాలితో అందో ఆయనకి తెలిసే దారి లేదు. ఆకురాయి కింద పెట్టాడు.