పాత డిస్కు, పాత అక్షరం

ఎంబ్రాయిడరీ షాపు అక్క ఎవర్నీ నమ్మదు. తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్లీ లాగుతుంది. కంప్యూటర్లో కొత్త డిస్కు పెట్టించిన రోజు, పోయిన భర్త గీసిన డిజైన్లు తెరుచుకోలేదు. మెకానిక్ వేళ్లమీంచి ఆమె చూపు తిప్పలేదు.

"ఏం కాజేశావురా?"

"ఏమీ లేదక్కా. కంప్యూటర్లో ఒక్కో డిస్కుకి ఒక్కో అక్షరమే పేరు. పాతదాని 'డి' అక్షరం కొత్త డిస్కు లాక్కుంది. ప్రోగ్రామేమో బావగారి డిజైన్ల కోసం ఇంకా 'డి'లోనే వెతుకుతోంది. పాతదాని అక్షరం పాతదానికే ఇచ్చేస్తే సరి."

"చెరిగిపోతేనో?"

"నా చెవి కోసిస్తా."

"నీ చెవి నాకెందుకు?"

అక్షరాలు మార్చాడు. తెరమీద ఒంటిరెక్క కొంగ వచ్చింది. ఈసారి అతనే కంగారుపడ్డాడు. "రెండో రెక్క పోయిందా అక్కా?"

"లేదు. ఆయన గీయనే లేదు," అంది మెల్లగా.

ఆ సాయంత్రం తాళం అతన్నే వేయమంది. అతను సందు మలుపు తిరిగాక, వెనక్కొచ్చి లాగి చూసింది.