జూలైలో పడి ఆగస్టుకు పోయిన వాన

మా మట్టెవాడ గల్లీలో వాన కొలిచేవాళ్లం ఇద్దరం. ఒకణ్ణి నేను, రెండో ఆయన మా పక్కింటి రిటైర్డ్ లెక్చరర్. ఆయన చదివింది భౌతికశాస్త్రం. నేను ఐదో తరగతితో బడి మాని, బట్టల దుకాణంలో గజాలు కొలిచినవాణ్ణి. ఉష్ణోగ్రత, తేమ, మిల్లీమీటరు అన్నీ పాత పేపర్లు చదివి సొంతంగా నేర్చుకున్నవే. అయినా నెల తిరిగేసరికి పేపరువాళ్లు ఎక్కేది ఆయన మేడమెట్లే. పోయిన నెల ఎండావానల లెక్క ఆయనది, పక్కన ఫొటో ఆయనది. ఆ పేపరు నేను కొనను. టీకొట్లో చదివి అక్కడే పడేసి వస్తాను.

కొన్ని నెలల్లో ఆయన లెక్కకూ నా లెక్కకూ పొంతనే ఉండేది కాదు. దొంగలెక్కలని నలుగురిలో అన్నాను కూడా.

ఈమధ్య మా గ్రంథాలయంలో ఊరి వాన లెక్కలు రాసుకున్న పుస్తకాలకు ఒక అర ఇస్తామన్నారు. ఒక్కరివే పెడతారట. నావన్నీ సంచిలో వేసుకొని వెళ్లేసరికి ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. అన్నింటికీ అట్టలు వేసి తెచ్చాడు. చూడగానే కడుపు మండింది.

గ్రంథాలయం చూసుకునే అమ్మాయి ప్రభుత్వ వాతావరణ కేంద్రం నెలవారీ పట్టిక ముందు పెట్టుకొని మా ఇద్దరి జూలై తీసింది. ఆయనది దానికి దగ్గరగా ఉంది. నాది ఎక్కడో పైన ఉంది.

"బాపూ, నువ్వు రాసిన ముప్పై ఒకటో తారీఖు వాన వీళ్ల దాంట్ల లేదు గదా?"

"ఎట్లుంటది బిడ్డా! ఆ సాయంత్రం ఖిలా దాకా రోడ్లన్నీ మునిగినై. వాళ్లు పండుకున్నట్టున్నరు."

లెక్చరర్ నవ్వాడు. "పండుకోలేదన్నా. రోజూ పొద్దుగాల ఎనిమిదిన్నరకు కొలుస్తరు. నిన్న ఎనిమిదిన్నర నుంచి పడ్డదంతా ఈ పొద్దటి తారీఖుల రాస్తరు. నీ వాన ఆగస్టు ఒకటిల ఉంటది చూడు."

"జూలైల పడ్డ వాన ఆగస్టుది ఎట్లయితది సారూ?"

"అది పద్ధతి."

"ఎవల పద్ధతి? మబ్బునడిగి పెట్టిన్రా?"

అమ్మాయి నవ్వుతూనే ఆగస్టు తీసింది. ఉంది. ఇన్నేళ్లూ నేను వాన ఆగగానే కొలిచి, గంటతో సహా ఆ తారీఖు కిందే రాసుకున్నాను. నెలాఖరు సాయంత్రం వాన పడినప్పుడల్లా తేడా వచ్చింది నా దగ్గరే. తెలియక ఆయన్ను తిట్టిందీ నేనే. అర ఆయనకే దక్కింది.

వారం తిరక్కముందే ఆయన మా ఇంటికి వచ్చాడు. మోకాలి ఆపరేషనుకని దవాఖానలో ఉన్న నెల ఆయన పుస్తకంలో తెల్లగా ఉండిపోయిందట.

"అన్నా, నీ దాంట్ల గంటలు సుత ఉన్నయి. జర ఇస్తే ఎనిమిదిన్నర లెక్కకు మార్చి రాసుకుంట."

ఇవ్వకూడదనే అనుకున్నాను. ఆయన అరలో ఆ పేజీ అట్లాగే బోసిగా ఉండాలని ఎంత ఉండిందో! కానీ ఆ నెల మా గల్లీలో వాన కొలిచింది నేనొక్కణ్ణే. ఇవ్వకపోతే అది పడనట్టే.

"ఈడనే కూసోని రాసుకో. నా పుస్తకం గడప దాటది. కింద నా పేరు రాయాలె."

రాసుకొని, చివర 'పొరుగింటివారి సహాయంతో' అని పెట్టాడు.

"పొరుగింటోనికి పేరు లేదా సారూ?"

అది కొట్టేసి, ఇంటిపేరుతో సహా నా పేరు పూర్తిగా రాశాడు. రెండుసార్లు చదువుకున్నాను. ఇన్నేళ్లలో నా పేరు నేను ఏనాడూ అంత గుండ్రంగా రాయలేదు. అది కూడా ఆయన చేతిలోనే బాగుంది.