సుభాన్ సాహెబ్ లెక్కలో ఎనిమిదో మనిషి

స్కూలు గేటు దాటి లోపలికి వచ్చాక సుభాన్ సాహెబ్ ఎవరిని లెక్కపెట్టినా ఒకరు ఎక్కువ వచ్చేవారు. తక్కువ రావడం ఎవరూ ఎరగరు. ఏడుగురు కూర్చున్న గదిని చూసి ఎనిమిది అనేవాడు. నలభై మందికి బిర్యానీ చెప్పమంటే నలభై ఒకటి చెప్పి వచ్చేవాడు. ఇంతకీ ఆయన ఉద్యోగం ఏమిటంటే, ఒక కంపెనీలో బస్సుల సూపర్‌వైజరు. పాతికేళ్లుగా రోజూ వందలమందిని లెక్కపెట్టి పనికి పంపి, సాయంత్రం మళ్లీ లెక్కపెట్టి వెనక్కి తెచ్చుకునే మనిషి.

సౌదీలో జిజాన్ దాటాక, ఎర్రసముద్రం గాలికి గోడలు ఉప్పు కక్కే ఒక పాత విల్లాలో మన పిల్లల ప్రాథమిక పాఠశాల నడిచేది. దాని పాలక కమిటీలో తల్లిదండ్రుల తరఫున ఐదుగురు, టీచర్ల తరఫున ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ప్రిన్సిపాల్ సాయికుమార్, రెండోది ఉమాదేవి. జగిత్యాల నుంచి వచ్చి పదకొండేళ్లుగా మూడో తరగతికి లెక్కలు చెబుతున్న ఉమాదేవికి కాకిలెక్కంటే ఒళ్లుమంట. అలాంటావిడ పక్క కుర్చీలోనే, తల్లిదండ్రుల తరఫు ఐదుగురిలో ఒకడిగా, సుభాన్ సాహెబ్ కూర్చునేవాడు.

"కోరం ఉందా?" అని కమిటీ ఛైర్మన్ భూమేష్ అడగడం ఆలస్యం, రాయచోటి నుంచి తెచ్చుకున్న మీసాన్ని ఒకసారి దువ్వి సుభాన్ సాహెబ్ లేచేవాడు. ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి లెక్కించేవాడు. తన గుండె మీద వేలు పెట్టుకుని ఏడు అనేవాడు. అంతటితో ఆగితే బాగుండేది. వేలు మెల్లగా సీలింగు వైపు లేచి ఒక్క క్షణం నిలబడేది.

"ఎనిమిదిమి ఉండాం."

"ఏడుగురమే ఉన్నం, సుభాన్ భాయ్."

"ఇంగోసారి చూసుకోండి మేడమ్."

ఉమాదేవి ఇంకోసారి చూసుకునేది. ఏడుగురే. "మీరు నా క్లాసుల ఉంటే బెంచీ ఎక్కిస్తుంటి," అనేది. ఆయన తల వంచుకుని నవ్వేవాడు. తర్వాత ఎనిమిది గ్లాసుల టీ వచ్చేది. మిగిలిన గ్లాసును, మీద రెండు బిస్కెట్లు పెట్టి, మేడమెట్ల మొదటి మెట్టు మీద ఉంచి వచ్చేవాడు.

"అదెవరికండీ?" అని సాయికుమార్ అడిగితే, "ఉండనీలే సార్, ఎవురన్నా వస్తే తాగుతారు," అనేవాడు.

మొదటి రెండు మీటింగుల్లో అందరూ నవ్వుకున్నారు. మూడో మీటింగు అయ్యాక, ఆసుపత్రిలో నర్సుగా చేసే తరన్నుమ్ వెళుతూ వెళుతూ ఆ మెట్టు దగ్గర ఆగిపోయింది. గ్లాసు ఖాళీగా ఉంది. బిస్కెట్లు లేవు. మీటింగు గదిలోంచి ఎవరూ బయటికి వెళ్లలేదు. పిల్లలు మధ్యాహ్నమే ఇళ్లకు వెళ్లిపోయారు. వాచ్‌మన్ గేటు దగ్గర కుర్చీలో గుర్రుపెడుతున్నాడు.

"ఉమా, ఇట్ల చూడు," అంది తరన్నుమ్ గొంతు తగ్గించి. "గ్లాసు ఇంకా వెచ్చగుంది."

ఉమాదేవి దయ్యాలను నమ్మదు. కాకపోతే ఆ సాయంత్రం మెట్ల వైపు చూడకుండా నడిచింది.

అసలు భయం ఆవిడకు పుస్తకాలతో మొదలైంది. మూడో తరగతిలో ముప్పైమంది. హోంవర్కు పుస్తకాలు దిద్ది, కట్ట కట్టబోతూ లెక్కపెడితే ముప్పై ఒకటి వచ్చాయి. సుభాన్ భాయ్ జబ్బు తనకు అంటుకుందేమోనని మళ్లీ లెక్కపెట్టింది. ముప్పై ఒకటే. ఒక పుస్తకానికి పేరు లేదు, అట్ట లేదు. లోపల లెక్కలన్నీ కరెక్టు. అన్నింటికీ తనే టిక్కు పెట్టి, కింద ఎర్ర సిరాతో "వెరీ గుడ్" అని కూడా రాసి ఉంది. దిద్దేటప్పుడు పేరు చూసుకోలేదు.

మర్నాడు క్లాసులో అడిగింది. "ఇది ఎవరిది?"

ముప్పైమందీ బిక్కమొహాలు వేశారు. మధ్యాహ్నానికల్లా బల్ల మీద పుస్తకం మాయమైంది.

ఇంకో రోజు బోర్డు మీద పన్నెండు ఎనిమిదులు ఎంత అని రాసి వెనక్కి తిరిగింది. క్లాసంతా నోరు మూసుకుని కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో, ఏ నోరూ కదలకుండానే, "తొంభై ఆరు" అని సన్నగా వినిపించింది. గోడలోంచి వచ్చినట్టు వచ్చింది. ఉమాదేవి గోడ వైపు తిరిగింది. ఆ క్లాసు మేడమీద, గోడకు అవతలి వైపున్నది పాత సామాన్ల గది. మధ్య గోడకు, ఎప్పుడో తీసేసిన కిటికీ ఏసీ తాలూకు కన్నం, దానికి అడ్డంగా ఒక అట్టముక్క.

పిల్లలకు మాత్రం భయం లేదు. "అది గోడలో పిల్ల, టీచర్," అన్నాడు ముందు బెంచీవాడు. మిగతావాళ్లు వాడి వీపు మీద ఒక్కటి వేసి నోరు మూయించారు.

చివరికి ఫొటో వచ్చి కొంప ముంచింది. వార్షికోత్సవం నాడు కమిటీ ఏడుగురూ విల్లా ముందు వరసగా నిలబడ్డారు. ఫొటో తీసేవాడు "అందరూ వచ్చారా?" అంటే, మన సాహెబ్ అలవాటుగా "ఎనిమిదిమీ ఉండాం, తియ్యప్పా," అన్నాడు. ఇంటికి వెళ్లాక ఉమాదేవి ఫోనులో ఆ ఫొటో తెరిచి, తన చీర కుచ్చిళ్లు ఎలా వచ్చాయో చూసుకుందామని పెద్దది చేసింది. వేలు జారి బొమ్మ పైకి జరిగింది. మేడమీద, సామాన్ల గదికి ఎప్పుడూ మూసి ఉండే కిటికీలో, తెర కొంచెం పక్కకు తొలగి ఉంది. ఆ సందులో ఒక చిన్న మొహం.

ఉమాదేవి ఫోను తిరగేసి బల్ల మీద పెట్టింది. తర్వాత తరన్నుమ్‌కు పంపింది. తరన్నుమ్ అందరికీ పంపింది.

మర్నాటికల్లా ఇళ్లలో కథలు పుట్టాయి. విల్లాలో ఎప్పుడో ఒక పిల్ల పోయిందని ఒకరు, అది పిల్ల కాదు జిన్ను అని ఒకరు. భూమేష్ ఒక కంపెనీలో ప్రభుత్వ కాగితాల పనులన్నీ చూసే గట్టి మనిషి. ఆయన కూడా చొక్కా జేబులో ఆంజనేయస్వామి బొమ్మ పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. కమిటీ అత్యవసరంగా కలవాలన్నారు. ఎజెండాలో దయ్యం అని రాయడానికి సాయికుమార్‌కు మనసొప్పలేదు. బాగా ఆలోచించి ఇలా రాశాడు: "మేడమీది సామాన్ల గదిలో పురుగుల బెడద. మందు పొగ పెట్టించి, గదికి శాశ్వతంగా తాళం వేయుట."

గురువారం నాలుగు గంటలకు మీటింగు. ఆవేళ మధ్యాహ్నం నుంచే దుమ్ముగాలి లేచింది. ఆకాశం ముందు పసుపై, తర్వాత ఇటుక రంగుకు తిరిగింది. కిటికీ అద్దాల మీద ఇసుక సన్నగా గీరుతోంది. వరండాలో ముగ్గురు మనుషులు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, మందు డబ్బాలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. తీర్మానం కాగానే పైకి వెళ్లి పొగ పెడతారు.

"అందరికీ సమ్మతమేనాండీ?" అన్నాడు సాయికుమార్.

ఆరు చేతులు లేచాయి. సుభాన్ సాహెబ్ చేయి లేవలేదు. ఎప్పుడూ నవ్వే మొహం ఆవేళ మాడిపోయి ఉంది.

"ఇయ్యాల వద్దు సార్. శనివారం పెట్టుకుందాం."

"ఎందుకండీ? మనుషులు వచ్చి కూర్చున్నారు కదా."

"అందరి మాటా రాలేదు."

"ఏడుగురం ఉన్నం భాయ్, ఏడుగురి మాటా వచ్చింది," అన్నాడు భూమేష్ విసుగ్గా.

"ఎనిమిదిమి ఉండాం," అన్నాడు సుభాన్ సాహెబ్.

ఆవేళ ఎవరూ నవ్వలేదు. తరన్నుమ్ కుర్చీని ఉమాదేవి వైపు జరుపుకుంది. భూమేష్ చేయి జేబు మీదికి వెళ్లింది. పైన ఏదో ఈడ్చినట్టు చప్పుడైంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఏసీలన్నీ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోయాయి. కిటికీల నిండా ఇటుక రంగు చీకటి. పక్కనున్న మనిషి మొహం కూడా తెలియడం లేదు.

"బయటకు పోదాం," అంది ఉమాదేవి. లేచింది గాని, తలుపు ఏ వైపు ఉందో తెలియలేదు.

"యాడికీ కదలద్దండి!" సుభాన్ సాహెబ్ గొంతు బస్సు స్టాండులో పలికినట్టు పలికింది. "తోసుకుంటే దెబ్బలు తగుల్తాయి. ముందు అందరం ఉండామా చూసుకుందాం. వరసగా నెంబర్లు చెప్పండి. ప్రిన్సిపాల్ సార్, మీరు కానియ్యండి."

"ఒకటి," అన్నాడు సాయికుమార్.

"రెండు," అన్నాడు భూమేష్.

"మూడు," అంది తరన్నుమ్. కమిటీలో మిగతా ఇద్దరిలో మందుల షాపాయన నాలుగన్నాడు, ఇంజనీరు ఐదన్నాడు. ఉమాదేవి ఆరు అంది. ఆవిడ పక్కనుంచి సుభాన్ సాహెబ్ "ఏడు" అన్నాడు.

గాలి ఒక్క క్షణం ఆగింది.

"ఎనిమిది," అంది ఒక చిన్న గొంతు, తలుపు దగ్గర నుంచి.

తర్వాత జరిగినదానికి ఎవరి కథ వారిదే. సాయికుమార్ కుర్చీ ఎక్కలేదని ఇప్పటికీ అంటాడు. కుర్చీ సీటు మీద ఆయన బూటు గుర్తు మాత్రం అందరూ చూశారు. భూమేష్ బల్ల కింద నుంచి హనుమాన్ చాలీసా మొదలుపెట్టాడు. తరన్నుమ్ ఉమాదేవి మెడను ఎంత గట్టిగా పట్టుకుందంటే, అరుద్దామన్నా ఉమాదేవికి గొంతు రాలేదు.

ఫోను లైటు వెలిగింది. సుభాన్ సాహెబ్ తలుపు వైపు నడుస్తున్నాడు. లైటు వెలుగులో దుమ్ము కొట్టుకున్న రెండు జడలు, పొట్టిదైపోయిన పాత యూనిఫాం, బెదిరిపోయిన రెండు కళ్లు.

"పైన చీకటయిపోయింది తాతా," అంది ఆ పిల్ల. "నాకు భయమేసి దిగొచ్చినా."

ఆయన పిల్లను ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు. "నెంబరు యాలమ్మా చెప్పినావు?"

"నువ్వే కదా, బస్సులో ఆఖరు నెంబరు నాదే అన్నావు."

ఆ గొంతు ఎక్కడ విన్నదో ఉమాదేవికి అర్థమైంది. తొంభై ఆరు. దగ్గరికి వెళ్లి లైటులో మొహం చూసింది. ఎనిమిదేళ్ల పిల్ల. తమన్నా. డ్రైవర్ అల్తాఫ్ కూతురు. మూడో తరగతిలో మొదటి వారం రెండో బెంచీలో కూర్చుంది.

ఏప్రిల్‌లో అల్తాఫ్‌కు వీసా ఇచ్చిన యజమాని, అతని కఫీల్, చనిపోయాడు. దుకాణం మూతపడింది. ఇంకో యజమాని కిందికి మారేలోపు ఇంటిల్లిపాదికీ ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, గడువు తీరిపోయింది. ఇకామా లేని పిల్లల పేర్లు తీసెయ్యాలని కమిటీ తీర్మానించింది. ఏడుగురూ సంతకాలు చేశారు. రిజిస్టరులో ఆ పేరు మీద స్కేలు పెట్టి ఎర్రగీత గీసింది ఉమాదేవి చేయి. గీత వంకర పోకుండా జాగ్రత్తగా గీసింది కూడా.

కరెంటు వచ్చింది. ఎవరి కుర్చీల్లో వాళ్లు కూర్చున్నారు. భూమేష్ మోకాళ్లు దులుపుకున్నాడు.

"ఇన్ని నెలలా?" అన్నాడు సాయికుమార్. "ఏంటండీ సుభాన్ గారూ, ఇది ఎవరికైనా తెలిస్తే స్కూలు గతేంటి?"

"తప్పే సార్. సంతకం నేనూ చేసినా, దాచిందీ నేనే. పొద్దున నా బస్సులోనే తెచ్చి, సాయంత్రం ఆఖరి ట్రిప్పులో ఇంటికాడ దింపుతాండా. గదిలో ఫ్యాను పెట్టినా, ఏసీ కన్నంలోంచి పాఠం వినమన్నా. వాచ్‌మన్‌ను ఏమీ అనద్దండి, నేను చెప్తే చేసినాడు." ఆయన పిల్ల జడల్లోంచి దుమ్ము దులుపుతున్నాడు. "నేను మీకు దాచల్యా సార్. ప్రతి మీటింగులో చెప్తానే ఉండా, ఎనిమిదిమి అని. రిజిస్టరులో గీత కొట్టినంత మాత్రాన పిల్ల లేకుండా పోతాదా?"

ఉమాదేవికి ముక్కులో మంట పుట్టింది. అది దుమ్ము అనుకుంది.

"మరి నాకన్నా ఒక్క మాట చెప్పొద్దా, భాయ్?"

"మీరు లెక్కల టీచరు కదా మేడమ్. ఎప్పుడో ఒకరోజు సరిగా లెక్కపెడతారులే అనుకుంటి."

ఉమాదేవి లేచి వరండాలోకి వెళ్లి మందు కొట్టేవాళ్లను ఇళ్లకు పొమ్మంది. తిరిగి వచ్చి, నిలబడే మాట్లాడింది. "కాగితాలు వచ్చేదాంక పిల్ల స్కూల్ల ఉండొద్దు. అది రూలు. నా ఇంట్ల ఉంటే ఏ రూలూ అడ్డం రాదు. బడి అయినంక రోజూ నేనే చెప్త. భూమేషన్నా, కాగితాల సంగతి నువ్వు చూడాలె."

"నేనా?"

"ఇందాక బల్ల కింద దేవుణ్ని ఏమేమో మొక్కుకున్నవు కదా."

భూమేష్ దగ్గాడు. "ఆదివారం అల్తాఫ్‌ను నా ఆఫీసుకు పంపుండ్రి," అన్నాడు. అన్న మాట ప్రకారం ఆ ఆదివారం మొదలుపెట్టి మూడు నెలలు తిరిగాడు. తన కంపెనీలోనే డ్రైవరు కావాలని మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని, చివరికి అల్తాఫ్ ఇకామా ఆ కంపెనీ మీదికే మార్పించాడు. తరన్నుమ్ ఆ మూడు నెలలూ ఏదో ఒకటి వండి పంపింది, దయ్యాన్ని చూసి భయపడినందుకు పరిహారం అంటూ. సాయికుమార్ ఆనాటి మినిట్స్‌లో "పురుగులు లేవని తేలింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం తమన్నా కొత్త యూనిఫాంలో, తండ్రి చేయి పట్టుకుని, ముందు గేటులోంచి వచ్చింది. ఉమాదేవి రిజిస్టరు తెరిచి, తన చేత్తో, ఇంగ్లీషులో, అక్షరం అక్షరం దిద్దినట్టు ఆ పేరు రాసింది. పిల్ల బల్ల మీదికి వంగి చూసింది.

"మేడమ్, తప్పు రాసినారు. నా పేరులో ఇంగో ఎన్ రావాల."

ఉమాదేవి కళ్లద్దాలు సర్దుకుని చూసింది. నిజమే. అల్తాఫ్ కంగారుపడి కూతురి నోరు మూయబోయాడు. గుమ్మం దగ్గర సుభాన్ సాహెబ్ గోడ మీది బస్సుల టైంటేబుల్‌ను జీవితంలో మొదటిసారి చూస్తున్నంత శ్రద్ధగా చదువుతున్నాడు. మీసం మాత్రం అదురుతోంది.

"నవ్వుండ్రి భాయ్, నవ్వుండ్రి," అంటూ ఉమాదేవి మళ్లీ కలం తీసింది.