మొదటి మెట్టు

నగరిలో ఇరవై ఏళ్లుగా, గుంటలో కూర్చుని కాళ్లతో తొక్కే గుంట మగ్గం నేస్తున్న చెంగయ్యకు 2018లో లారీ తగిలి ఎడమ మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేసిన తిరుపతి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు పల్లవి రోజూ అతని కళ్లకు బరువైన అద్దాల పెట్టె కట్టేది. అందులో తిరుమల కొండెక్కే అలిపిరి దారి మెట్లు నిజంగా ఎదుట ఉన్నట్టే కనిపించేవి. నిలబడ్డ చోటే కాళ్లు ఎత్తి దించితే ఆ మెట్లు ఎక్కుతున్నట్టే ఉండేది. రెండు నెలలూ అతను పక్కనున్న కమ్మీ పట్టుకుని, దారి నడిమి మెట్లే ఎక్కాడు.

రెండు నెలలు నిండిన రోజు, కమ్మీ వదిలి, మొదటి నుంచి వంద మెట్లు ఎక్కగలిగితే మగ్గం గుంటలోకి దిగవచ్చని డాక్టరు చెప్పాడు.

"యాభై కాడ నిలిచిపోతే డోలీ పిలిపించాల్నా?" అంది భార్య మునిలక్ష్మి.

"గమ్మునుండవే. కాలు బాగనే ఉండాది," అన్నాడు చెంగయ్య.

"ఎక్కన్నా," అంది పల్లవి.

ఏటా కొండకు నడిచిపోయే మనిషి అతను. మొదటి మెట్టు కనిపించగానే అలవాటుగా వంగి, దాన్ని తాకి కళ్లకద్దుకోబోయాడు. చేతికి రాయి తగల్లేదు. ఒళ్లంతా ముందుకు తూలి, మోకాలు మెలికపడింది. పల్లవి పట్టుకునేలోపే కింద పడ్డాడు.

"మెట్టు యాడమ్మా?" అన్నాడు, అద్దాలు తీయకముందే.

లిగమెంటు మళ్లీ తెగింది. రెండో ఆపరేషన్ తర్వాత కాలు సగమే వంగింది. ఇప్పుడు గుంటలో కూర్చుని మునిలక్ష్మి నేస్తుంది. ఇన్నాళ్లూ ఆమె చేసిన నూలు కండెలు చుట్టే పని ఇప్పుడు చెంగయ్య కాలు చాపుకుని చేస్తాడు. కండె అయిపోయినప్పుడు ఆమే గుంటలోంచి లేచి వచ్చి ఇంకొకటి తీసుకుపోతుంది. అందించమని అతన్ని అడగదు.