రెండే బంతులు

ముమ్మిడివరం నుంచి అమలాపురం వెళ్ళే ఆటోలో కూర్చుంటే, మా ఆడపిల్లల హైస్కూలు దగ్గర నాకొక చప్పుడు వినబడుతుంది. బంతి ఇనప రింగుకు తగిలి, లోపలికి పడాలా బయటికి పోవాలా అని క్షణం సేపు తేల్చుకోలేనట్టు మోగే చప్పుడు. మొన్న కూడా వినబడింది. పక్కావిడ ఏదో అడుగుతున్నా పలకకుండా, ఆ బంతి ఏమైందో చూడటానికి మెడ వెనక్కి తిప్పేశాను. సూర్యకుమారి టీచరుగారి దగ్గర పట్టుకున్న అలవాటు అది.

ఆ బడిలో నేను పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేదాన్ని. ఆవిడ డ్రిల్లు టీచరు, పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పేవారు. సిమెంటు కోర్టు మీద గీతలు వానలకు చెరిగిపోతే, సున్నపునీళ్ళలో గుడ్డ ముంచి మళ్ళీ గీసే పని నాకు చెప్పారు. రింగు ముందుండే అరచక్రాన్ని నేను ఒక్క ఊపులో తిప్పేయడం చూసి ఆగిపోయారు.

"ముగ్గులేసే చెయ్యి కదండీ మంగమ్మగారూ. ఈ చేతికి అక్షరాలు రాకపోవడమేంటండి?"

"రావండి. వేలిముద్రేనండి."

"అయితే ఆ మిగిలిన సున్నం పారబొయ్యకండి."

అలా యాభై దాటాక, కోర్టు అంచున, సున్నంతో నా చదువు మొదలైంది. తడిమీద సరిగా కనబడని అక్షరాలు ఎండెక్కేసరికి తెల్లగా పైకి తేలేవి. పప్పు ఉడుకుతుంటే మధ్యలో వచ్చి చూసుకుని పోయేదాన్ని.

బడి ఎదురుగా టీకొట్టు. కొబ్బరికాయల వ్యాపారం చేసే సుబ్బారావుగారు పొద్దున్నే అక్కడ కూర్చునేవారు. టీచరుగారు వయసులో ఉండగా మా జిల్లా జట్టుకు ఆడారట. ఆ ఏడు లీగు మ్యాచ్‌లన్నిటిలో ఆవిడంత బాగా ఆడినవాళ్ళు లేరట. ఫైనల్లో ఆఖరి నిమిషంలో ఆవిడకు రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. అంటే గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డం రాకుండా వేసే బంతులు. రెండూ తప్పాయి. కప్పు పోయింది. సుబ్బారావుగారు ఆ ఆట కళ్ళారా చూసినవారు, టీకొట్టు దగ్గర ఆవిడ కనబడితే చాలు ఆ మాటే ఎత్తేవారు.

"టీచరుగారూ, లీగంటే రోజూ వండే కూరండి. ఫైనలంటే పెళ్ళి విందు. జనం విందే కదండీ చెప్పుకునేది. ఆ రెండూ పడుంటే మీ అంత గొప్పోరు ఉండేవోరు కాదండి."

"ఆయ్, నిజవేనండి. టీ చల్లారిపోతుంది, తాగండి," అనేవారు ఆవిడ.

ఆవిడకు కోపం వచ్చేది కాదు. రోజూ కూర వండేదాన్ని కాబట్టి నాకే గుచ్చుకునేది.

నాకు చదవడం పట్టుబడిన ఏడు, బడి వార్షికోత్సవంలో, గెలిచిన మా జట్టు పిల్లల పేర్లు మైకులో చదవమని టీచరుగారు నాకు కాగితం ఇచ్చారు. వంటింట్లో గడగడా చదివేశాను. స్టేజీ ఎక్కాక, ఎదురుగా అంతమంది మొహాలు చూసేసరికి కాగితం మీద అక్షరాలు చీమలైపోయాయి. చివరికి ఒక పిల్ల వచ్చి కాగితం అందుకుని చదివేసింది.

మర్నాడు ఆవిడతో చెప్పాను. "ఇంక వద్దండి. నలుగుర్లో రాని చదువు చదువేంటండి."

ఆవిడ ఓదార్చలేదు. "సాయంత్రం ఉండండి," అన్నారు.

పిల్లలు వెళ్ళిపోయాక గీత దగ్గర నిలబడ్డారు. చీర కొంగు బొడ్లో దోపుకున్నారు. బంతిని కాసేపు అరచేతుల్లో తిప్పి వేశారు. రింగు మోగింది, బంతి బయటికి పోయింది. తెచ్చుకుని రెండోది వేశారు. అదీ పోయింది. ఆవిడ బంతి చంకన పెట్టుకుని, తాళాలు తీసుకుని గదివైపు నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను.

"ఇంకోటి వెయ్యరాండీ?"

"మూడోది ఎవరిస్తారండి? ఆ ఫైనల్ రోజు నించీ రోజూ సాయంత్రం రెండే. పడితే పడ్డాయి, లేకపోతే రేపు."

"రోజూ తప్పుతాయాండీ?"

"చాలాసార్లు పడతాయి. ఇవాళ మీరు చూస్తున్నారు కదా, చెయ్యి బిగిసింది."

"మరి సుబ్బారావుగారన్నది నిజవేనాండీ?"

ఆవిడ తాళం వేస్తూ చెప్పారు. "ఆయన అబద్ధం ఆడలేదు. ఆ రెండూ పోగొట్టింది నేనే. లీగులో వేసినవన్నీ వేసిందీ నేనే. ఒకటి చూపించి ఇంకోటి లేదనకూడదండి."

ఒక్క బంతి పడేదాకా వేసి, మనసు కుదుటపరుచుకుని ఇంటికి పోవచ్చు. అడిగేవాళ్ళు లేరు. అయినా ఆ తప్పిన సాయంత్రాన్ని తప్పినట్టే భుజాన వేసుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు. మర్నాడు పొద్దున్నే సున్నం కలిపాను.

టీచరుగారు పోయిన ఏడాది కాలం చేశారు. బడిలో సంతాప సభ పెట్టి, ఆవిడ నేర్పిన పిల్లల పేర్లు చదవమని నన్నే పిలిచారు. మొహాలు అలాగే ఉన్నాయి, చీమలూ కదిలాయి. గీత దగ్గర ఆవిడ నిలబడినట్టు కాసేపు నిలబడి, మొదలుపెట్టాను. ఒక పేరు దగ్గర తడబడ్డాను. వెనక్కి వెళ్ళకుండా తర్వాతి పేరు చదివాను. చివరిదాకా చదివాను.

సభయ్యాక చూస్తే సుబ్బారావుగారు కోర్టులో, ఆ గీత దగ్గర బంతి పట్టుకుని ఉన్నారు. ఇన్నేళ్ళలో ఆయన టీకొట్టు దాటి లోపలికి రావడం నేనెరగను. మొదటి బంతి రింగు దాకా పోలేదు. రెండోదీ పోలేదు.

"ఇంత దూరవాండీ ఇది," అన్నారు మెల్లగా, రింగు వైపే చూస్తూ. బంతి దొర్లుకుంటూ కాళ్ళ దగ్గరికి వస్తే మళ్ళీ వంగబోయారు.

"రెండేనండి," అన్నాను.

ఆయన తలూపి, బంతి నా చేతికిచ్చారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఇంట్లో ఎవరో ఒకర్ని ఎదురుగా కూర్చోబెట్టి పేపర్లో ఒక వార్త పైకి చదువుతాను. ఒక్కసారే. తప్పిన చోట వెనక్కి వెళ్ళను. పేపరు మడిచేసి, పొయ్యి దగ్గరికి పోతాను.