బల్బుకు కాపలా

ఈ రోజు ఆదోనిలో పోయిన కరెంటు తిరిగొచ్చి, వంటింట్లో బల్బు వెలగగానే గబుక్కున లేచి నిలబడ్డాను. "యాడికి పోతావమ్మా?" అని మా అత్త నవ్వింది.

నా ఈడు ఆడపిల్లలారా, మీరూ చిన్నప్పుడు ఇట్లా బల్బుకు కాపలా కూర్చున్నారా? నందవరం దగ్గర మా ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. బల్బు వెలగగానే చేనికి పరిగెత్తి మోటారు వేయాలి. అందుకే నన్ను ఐదో తరగతిలో బడి మాన్పించారు.

ఒకరోజు మా సారు ఇంటికి వచ్చాడు.

"పిల్ల బాగా సదువుతాది, పంపప్పా."

"మల్ల మోటారు నువ్వేస్తావా సార్?" అన్నాడు నాన్న.

సారు నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు పాపా, బడికొస్తావా?"

నోరు తెరిచేలోపు బల్బు వెలిగింది. జవాబు చెప్పకుండానే పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి సారు లేడు. పిల్లకే ఇష్టం లేదనుకున్నాడట.