ఎనభై పుంజీల మేక

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవాళ్లు కాదు. మా అవ్వ నిమ్మకాయలు అమ్మేది. నాలుగు కాయలు కలిస్తే ఒక పుంజీ. కోసిన కాయలు కుప్పపోస్తే రెండు చేతులతో రెండేసి తీసి గంపలో వేస్తూ, పాట పాడినట్టు పుంజీలు చెప్పుకుంటూ పోయేది. పిడకలైనా పుంజీలే. ఇంటికి ఐదుగురు చుట్టాలు వస్తే "పుంజీ మీద ఒకరు వచ్చినారు" అనేది. అవ్వకు సంతకం రాదు. నేను మూడో తరగతి చదువుతున్నాను, పన్నెండో ఎక్కం దాకా నోటికి వచ్చు. అందుకని లెక్కల్లో అవ్వకంటే నేనే గొప్పదాన్నని నా నమ్మకం.

మా ఊరు పెనుకొండకూ హిందూపురానికీ మధ్యలో ఉంటుంది. అది కొత్త పైసలు వచ్చిన ఏడు. అప్పటిదాకా రూపాయికి పదహారు అణాలు, ఇకమీదట నూరు పైసలన్నారు. అర్ధరూపాయికి యాభై, పావలాకు ఇరవై ఐదు. ఇంతవరకు అందరికీ అర్థమైంది. చిక్కంతా అణా దగ్గరే. నూరును పదహారుతో భాగిస్తే ఆరుంబావు వస్తుంది. పావు పైసా అనే బిళ్ల లేదు. అందుకని అణాకు ఆరు పైసలని అంగళ్లలో చెప్పుకునేవాళ్లు. మిగిలిన ఆ పావు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఏడే మా తమ్ముడు పుట్టాడు. అమ్మకు పాలు చాలేవి కావు. వాడి ఏడుపు రోజురోజుకూ సన్నగిల్లిపోతుంటే అవ్వ ముఖం చూడలేకపోయేవాళ్లం. చివరికి అవ్వే హిందూపురం సంతలో ఒక గొర్రెల కాపరి దగ్గర పాలిచ్చే మేకను చూసి వచ్చింది. ఇరవై రూపాయలన్నాడు. వచ్చే సంత దాకా ఎవరికీ అమ్మనని మాటిచ్చాడు. రాగుల బానకు వెనక అవ్వ కుండ ఒకటి ఉండేది. నిమ్మకాయలమ్మిన దుడ్లలో రోజుకు ఒకటో అరో అణా చొప్పున ఏడాదికి పైగా వేసిన కుండ అది. బయటికి తీసి లెక్కపెడితే ఎనభై పుంజీలు, పైన మూడు. పుంజీ అణాలు పావలా కాబట్టి సరిగ్గా ఇరవై రూపాయల మూడణాలు.

సంతకు రెండు రోజుల ముందు మా బడి దగ్గరకు సైకిలు మీద ఒకాయన వచ్చాడు. ఖాకీ చొక్కా, చంకలో సంచి, చేతిలో ముద్ర కొట్టిన పుస్తకం. పాత అణాలు సోమవారం నుంచి చెల్లవనీ, ఊరూరా తిరిగి మార్చి ఇవ్వమని తనను పంపించారనీ చెప్పాడు. చాప పరిచి, సంచిలోంచి కొత్త పైసలు పిడికెడు తీసి దానిమీద పోశాడు. ఎర్రగా, నిప్పుకణికల్లా మెరిశాయి. నాలుగైదు అణాలిచ్చిన వాళ్లకు అక్కడికక్కడే పైసలిచ్చాడు. ఎక్కువ తెచ్చిన వాళ్లకు మాత్రం చీటీ రాసిచ్చి, శుక్రవారం పెనుకొండ తాలూకా కచేరీలో చూపించి తీసుకోమన్నాడు. మా పక్కింటి పెద్దమ్మ మూడు రూపాయల అణాలిచ్చి చీటీ తీసుకుంది.

నేను పరుగున ఇంటికి పోయాను. దారిలోనే మనసులో గుణించేశాను. మూడు వందల ఇరవై అణాలు, అణాకు ఆరు. "అవ్వా, పంతొమ్మిది వందల ఇరవై పైసలొస్తాయి!" అని అరిచాను. మూడు వందలు పంతొమ్మిది వందలు అవుతుంటే నాకు ఒళ్లు తెలియలేదు. కుండ నేనే ఎత్తుకుని ముందు నడిచాను.

అవ్వ చాప అంచున కూర్చుంది. కుండ మూత తీయలేదు. కొంగుముడి విప్పి నాలుగు అణాలు తీసి వరుసగా పెట్టింది.

"ఏమప్పా, వీటికి ఎన్నిస్తావు?"

"ఇరవై నాలుగు పైసలవ్వా."

"పావలా బిళ్ల ఇస్తే?"

"ఇరవై ఐదు."

"ఈ నాలుగూ కలిస్తే పావలానే గదా? ఆ ఒకటి యాడికి పోయెనబ్బా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. "ఒక్క పైసాకు ఇంత రచ్చా అవ్వా? అణాకు ఆరు. అది సర్కారు లెక్క, నేను చేసింది కాదు."

"ఒక్కటే అయితే నీకే ఇడుద్దును. నాకాడ ఎనభై పుంజీలుండాయి."

ఆ మాటతో నేను మళ్లీ లెక్క కట్టాను. పుంజీకి ఒకటి చొప్పున ఎనభై పైసలు. ఇరవై రూపాయలంటే రెండు వేల పైసలు. నా పంతొమ్మిది వందల ఇరవై దానికి సరిగ్గా ఎనభై తక్కువ. నేను ఎగిరి గంతేసిన లెక్కలో దగ్గర దగ్గర పదమూడణాలు మాయమైపోయి ఉన్నాయి. అవే అణాలు. ఒక్కొక్కటిగా పెడితే తరిగిపోతున్నాయి, నాలుగేసి కలిపితే నిండుగా ఉంటున్నాయి. అంకెల్లో ఇంత వింత దాగి ఉంటుందని నాకు ఏ పంతులూ చెప్పలేదు.

ఆయన గొంతు తగ్గించి ముందుకు వంగాడు. "సరే, పెద్దదానివి. నీకు మాత్రం పుంజీకి ఇరవై ఐదు లెక్కన రాసిస్తా. ఎవరికీ చెప్పొద్దు."

నేనైతే అక్కడికి గెలిచామనుకున్నాను. అవ్వ మాత్రం నాలుగు అణాలూ తీసి మళ్లీ కొంగున ముడేసుకుంది.

"ఇందాక సర్కారు లెక్క అంటివి. నా ముఖం చూసి సర్కారు లెక్క మార్తాదా? అది పోనీ. సోమవారం నుంచి ఇవి చెల్లవంటివే, చెల్లని దుడ్లు మోసుకొనిపోయి నువ్వేం చేసుకుంటావు?"

"కచేరీలో కడతాను."

"కచేరీ పెనుకొండలోనే గదా ఉండాది. పద, నేనూ వస్తా. నీ ఎదురుగానే కట్టి, పైసలు చేతికి తీసుకుంటా. గంపెత్తుకొని హిందూపురం దాకా నడిచే కాళ్లప్పా ఇవి."

ఆయన ఎండ ఎక్కుతోందనీ, ఇంకా రెండు ఊళ్లు తిరగాలనీ చాప చుట్టడం మొదలుపెట్టాడు. "ఇంతసేపూ కొత్త పైసా మాదిరి మెరుస్తాంటివే, ఏమాయెనబ్బా?" అని గుంపులోంచి ఎవరో అన్నారు. పక్కింటి పెద్దమ్మ సైకిలు క్యారేజీ పట్టుకుని వదల్లేదు. చీటీ తీసుకుని ఆమె అణాలు తిరిగిచ్చాడు. అవ్వ వాటినీ పుంజీలు పెట్టింది. పదకొండు పుంజీలు, పైన రెండు. "పన్నెండు కావాల" అని చెయ్యి చాపింది. ఆయన ఇంకో రెండు అణాలు వేశాడు.

అంతకుముందు తిరిగిన ఊళ్లలో చీటీలు తీసుకున్నవాళ్లు శుక్రవారం పెనుకొండకు పోతే, ఆ ముద్ర ఎవరిదో కచేరీలో ఒక్కరికీ తెలియలేదట.

సంతనాడు అవ్వ నన్ను వెంటబెట్టుకుని పోయింది. ముందుగా ఒక అంగట్లో అణా ఇచ్చి ఉప్పు కొన్నది. అంగడాయన దాన్ని తిప్పి కూడా చూడకుండా గల్లాపెట్టెలో వేసుకున్నాడు. "మాకు చెల్లినన్నాళ్లూ చెల్లుతాదిలేవ్వా, ఇప్పట్లో ఎవరూ ఆపరు" అన్నాడు. అప్పుడు గొర్రెల కాపరి దగ్గరకు పోయాం. ఆయనా పుంజీల మనిషే. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఎనభై పుంజీలు పెట్టుకున్నారు. ఒక్క మాట తేడా రాలేదు. ఇంకో అణాకు మేక మెడకు తాడు కొన్నాం. ఆ సాయంత్రం తమ్ముడు కడుపునిండా తాగి నిద్రపోయాడు.

అంతకుముందు ఇంటికి వచ్చే దారిలో నేను తలెత్తలేదు. తప్పు లెక్క కట్టి కుండ మోసుకుపోయినందుకు సిగ్గుగా ఉంది. అవ్వ మిగిలిన మూడో అణా నా చేతిలో పెట్టింది. "నీ లెక్క తప్పు కాదు పాపా. వాడు చెప్పిందాన్ని సరిగ్గానే కట్టినావు. వాడు చెప్పందాన్ని గూడా కట్టల్ల" అన్నది.

నా చదువు ఐదో తరగతితో ఆగింది. తర్వాతి లెక్కలన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు మా వీధి ఆడవాళ్లు ఏ కాగితం మీద వేలిముద్ర వేయాలన్నా, ఎవరికి దుడ్లు కట్టాలన్నా ముందు నా దగ్గరికి వస్తారు. ఈరోజే ఆఖరని ఎవరైనా తొందరపెడితే, నీకు మాత్రమేనని గొంతు తగ్గిస్తే, నేను పెట్టె తీసి అంచులు వంకీలు తిరిగిన ఆ అణాను అరచేతిలో పెట్టుకుంటాను. కాగితంలో ఉన్న అంకెలు ఒకసారి చదువుతాను. లేని అంకెల కోసం రెండోసారి చదువుతాను. అణాకు ఆరు పైసలని లోకమంతా అన్నది. ఎవరికీ పట్టని ఆ పావు పైసాలో మా అవ్వ ఇంకా కాళ్లు చాపుకుని కూర్చునే ఉంది, నాలుగు అణాలు వరుసగా పెట్టుకుని.